ముక్కు ముందు, నోరు తర్వాత

మేళ్లచెరువు దాటి సున్నపురాయి గుట్టల వైపు పోయే దారిలో ఒక ఊరుంది. ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ గ్రేసు మీద తల్లులకు ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు. పిల్లలకు ఏబీసీడీలు రావు. పక్క ఊరి ప్రైవేటు బడికి పోయే పిల్ల మెడకు టై కట్టుకొని "ఎ ఫర్ ఆపిల్" అని వాడ అదిరిపోయేలా అరుస్తుంటే, గ్రేసు దగ్గరికి పోయిన పిల్ల మాత్రం చేతుల నిండా మట్టితో ఇంటికొచ్చి, తల్లి కొంగు ముక్కు దగ్గర పెట్టుకొని, "అమ్మా, నువ్వియ్యాల మిరప చేన్లకు పోయినవ్" అనేది. ఆ ఊళ్లో ఆపిల్ పండు జ్వరం వచ్చినవాడి మంచం పక్కన తప్ప కనబడదు. అయినా తల్లులకు ఆపిలే కావాలి. వాళ్లను అనడానికి మనకు నోరెక్కడిది? తాము ఎండలో మాడింది చాలు, పిల్లలన్నా నీడపట్టున బతకాలని ఎవరికి ఉండదు!

గ్రేసు వాళ్లతో వాదించేది కాదు. తన పని తను చేసుకుపోయేది. పాత చీరలు చింపి కుట్టిన గుడ్డసంచులు ఆమె దగ్గర గోడ పొడుగునా వేలాడేవి. ఒకదాంట్లో చింతగింజలు, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో పత్తి, ఇంకోదాంట్లో ఎండిన బీరకాయ పీచు. పిల్లలు లోపలికి చూడకుండా చెయ్యి పెట్టి అదేమిటో చెప్పాలి. గుట్టలో రాళ్ల కోసం పెట్టిన పేలుడు వినబడితే అది దగ్గరదా దూరందా చెప్పాలి. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడీ పడీ అక్కడి ఆకులన్నీ తెల్లగా ఉంటాయి. అందుకని ఆకు పచ్చగా ఉంటుందని చెప్పడానికి ముందు, బొటనవేలితో ఆకును తుడవడం నేర్పేది. పిల్ల వేలు కింద పచ్చరంగు బయటపడ్డప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి. గ్రేసుకు జీతం ఆలస్యమైన నెలల్లో ఆ మొహాలే గడిపించేవి.

అన్నిటికంటే గట్టి పాఠం మాత్రం ముక్కుది. మూతలున్న చిన్న డబ్బాల్లో వాము, మెంతులు, పొగాకు, ఎండుచేప ముక్క, తడిమట్టి పెట్టేది. కళ్లకు గంతలు కట్టి ఒక్కో మూత తీసేది. మధ్యాహ్నం అన్నం వడ్డించాక పిల్లలు వెంటనే తినడానికి లేదు. ప్రతి ఒక్కరూ పళ్లెం మీదికి వంగి, వాసన చూసి, "మంచిగున్నది" అని గట్టిగా అనాలి. అప్పుడు తినాలి.

"ముక్కు ముందు, నోరు తర్వాత. ముక్కు చెప్పకుంటే నాలుక కొసను అడుగు. అదీ వద్దంటే ఉమ్మెయ్యి బిడ్డా" అనేది గ్రేసు.

చూడవచ్చిన వాళ్లు నవ్వేవాళ్లు. అన్నానికి పెళ్లిచూపులేమిటని ఒక సూపర్‌వైజర్ మేడం వేళాకోళం కూడా చేసింది. గ్రేసూ వాళ్లతో పాటు నవ్వి ఊరుకునేది గానీ, ఆ పాఠం ఎక్కడ పుట్టిందో చెప్పేది కాదు.

అది పత్తిచేను గట్టు మీద పుట్టింది. గ్రేసు చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు కూలికి పోయిన చేనికి తనూ పోయి, తమ్ముడు ఇస్రాయేలును ఆడించేది. పురుగులమందు పెద్ద డబ్బాలో కొంటే ఖర్చని, ఎవరికి కావలసినంత వాళ్లు కూల్‌డ్రింకు సీసాల్లో పోయించుకొని వచ్చే రోజులవి. ఆ ఒక్క అలవాటు మన పల్లెల్లో ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో లెక్క తీసే నాథుడు లేడు. గట్టు మీద పెట్టిన సీసాను తమ్ముడు ఎత్తి తాగాడు. గ్రేసు గునుగుపూలు కోసుకొని వచ్చేసరికి వాడి నోటి నుంచి నురుగు వస్తోంది, చుట్టూ మందు వాసన గుప్పుమంటోంది. వాడు దక్కలేదు. ఇంత వాసన వాడి ముక్కుకెందుకు తగల్లేదని ఆ పిల్ల చాలా కాలం ఏడ్చింది. తగలక కాదు, వాసనను నమ్మాలని వాడికి ఎవరూ నేర్పలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమెకు ఆ ఉద్యోగం దొరికింది. అప్పుడు కొన్ని ఇళ్ల వాళ్లు పిల్లల్ని పంపినా, ఆమె చేతి అన్నం తిననిచ్చేవాళ్లు కాదు. కారణం ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, అందరికీ తెలిసిందే. గుడ్డు ఇంటికి పట్టుకుపోయి, కడిగి, మళ్లీ ఉడకబెట్టి పెట్టిన మహాతల్లులు కూడా ఉన్నారు. వాళ్ల నోళ్లు మూయించింది గ్రేసు ముక్కే. ఒకసారి పప్పు బస్తా విప్పగానే అడుగున బూజు పట్టిందని పైనుంచే పసిగట్టి, దించిన వాళ్లతో మళ్లీ బండి ఎక్కించింది. ఆ కథ ఊరంతా పాకింది. ఆ తర్వాత నెయ్యి కల్తీయో కాదో చూడమని, పచ్చడి చెడిందో లేదో చెప్పమని ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. "గ్రేసు ముక్కు" అనేది ఊళ్లో ఒక మాటైపోయింది. చేతిని నమ్మని ఊరు ముక్కును నమ్మింది. ఆమె పరువు, ఆమె ఉద్యోగం, పిల్లలు ఆమె చేతి బువ్వ తినడం అన్నీ ఆ ముక్కు మీదే నిలబడ్డాయి.

ఆ ముక్కును కరోనా తీసుకుపోయింది.

రెండోసారి ఊళ్లను ఊడ్చినప్పుడు గ్రేసు ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు చూసింది, మందుల పొట్లాలు పంచింది. ఆమెకూ జ్వరం వచ్చింది, తగ్గింది. ఒక పొద్దున వాము డబ్బా మూత తీస్తే ఏమీ లేదు. వాము పాతదై ఉంటుందనుకుంది. పొగాకు తీసింది. ఎండుచేప తీసింది. చివరికి మరుగుదొడ్డి దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. గాలి మాత్రమే లోపలికి పోయింది. మెల్లగా వస్తుందని డాక్టర్ అన్నాడు. కొందరికి వచ్చింది. గ్రేసుకు రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. భర్త చెన్నయ్యకు కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అన్నారా! పిల్లలు తక్కువయ్యారు, సెంటర్ ఎత్తేస్తారని ఒక పుకారు. తన కోడలికి ఆ ఉద్యోగం ఇప్పించుకోవాలని కాచుకొని కూర్చున్న పెద్దమనిషి ఒకడు. ఇప్పుడు గ్రేసుకు వాసన తెలియదట అంటే చాలు, పాత మాటలన్నీ కొత్త నోళ్లలో లేస్తాయి. అందుకని రోజూ పళ్లెం మీదికి వంగేది, కళ్లు మూసుకొని ఊపిరి పీల్చేది, "ఆహా" అనేది. అది అబద్ధమని నేనంటే ఆమె మీద కోపంతో అన్నట్టు కాదు. బతకనిచ్చే నిజం ఆమెకు ఆ ఊళ్లో ఎవరూ అట్టిపెట్టలేదు.

అట్లాంటి రోజుల్లో రూప వచ్చి చేరింది. క్వారీలో రాళ్లెత్తే పరశురాం కూతురు, మూడేళ్లది. తల్లి తిరుమల మిరప తోటలకు పోతుంది. పిల్ల పిచ్చుకంత ఉన్నా ముక్కు మాత్రం వేటకుక్కదే. కళ్లకు గంతలు కట్టకముందే మూత సందుల్లోంచి వాసన పట్టి, "మెంతులు, పొగాకు, సాప" అని వరసగా చెప్పేసేది. గ్రేసుకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి పాల ప్యాకెట్ కోసినా, గుడ్డు పగలగొట్టినా, నూనె ప్యాకెట్ విప్పినా ముందు పిలుపు రూపకే.

"రూపా, ముక్కు ఏమంటాంది?"

"మంచిగున్నది టీచర్."

మిగతా పిల్లలకు అది ఆట. రూపకు అది పెద్ద హోదా. ఒకసారి "గిది మురిగింది టీచర్" అంది. ఆ గుడ్డును గ్రేసు పారేసింది. ఇంకోసారి, సెంటర్‌లో ఆయాగా చేసే హనుమమ్మ బయట గిన్నెలు తోముతుండగా, పొయ్యి మీద అన్నం అడుగంటింది. గ్రేసు రెండడుగుల దూరంలోనే కూర్చొని పాట చెబుతోంది. రూప లేచి వచ్చి, ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో గుసగుసగా, "టీచర్, బువ్వ మాడుతాంది" అంది. ఆ వయసు పిల్లలు ఏది చెప్పినా ఊరంతా వినేలా అరుస్తారు కదా, ఈ పిల్ల చెవిలో ఎందుకు చెప్పిందని గ్రేసు ఆలోచించలేదు. పరుగెత్తి పోయి పొయ్యి ఆర్పింది.

మరుసటి ఏడు వానాకాలంలో ముసురు పట్టింది. పొద్దుటి నుంచి సన్నగా కురుస్తూనే ఉంది. సెంటర్ పైకప్పు కారుతోంది. నేల తుడిచే బకెట్టును హనుమమ్మ ఆ కారే చోట పెట్టింది. పిల్లల బురద కాళ్లతో నేలంతా పాడైంది కాబట్టి మళ్లీ తుడవాలి, బకెట్టు ఖాళీ లేదు. చేతికందిన పాల చెంబులో ఇన్ని నీళ్లు పోసి అందులోనే ఫినాయిల్ కలిపింది. నీళ్లు పాలల్లే తెల్లబడ్డాయి. అంతలో మేకలు వరండా ఎక్కాయి. చెంబు పొయ్యి గట్టు మీద పెట్టి, చీపురు పట్టుకొని వాటి వెంట పోయింది. చెంబు పక్కనే ఖాళీ పాల ప్యాకెట్లున్నాయి, పాలేమో పొయ్యి మీది గిన్నెలో మూత కింద ఉన్నాయి.

ఫినాయిల్ వాసన ఆ గదిలో రోజూ ఉండేదే కాబట్టి పిల్లలెవరూ ముక్కు చిట్లించలేదు. గ్రేసు తడిసిన పిల్లల తలలు తుడిచి వచ్చింది. చెంబులో తెల్లగా కనబడింది. వీధి చివరి మనిషి కూడా పసిగట్టే వాసన ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆమెకు తెల్లటి రంగు తప్ప ఏమీ తెలియలేదు. ఎప్పటిలాగే గ్లాసులో కొంచెం పోసి రూపకు అందించింది.

"చూడు బిడ్డా, ముక్కు ఏమంటాంది?"

రూపకు రెండు రోజులుగా జలుబు. ముక్కులు రెండూ దిబ్బడ వేసి నోటితో ఊపిరి తీస్తోంది. గ్లాసు మీదికి వంగింది. ఒకసారి టీచర్ మొహం వైపు చూసింది. కళ్లు మూసుకొని, అచ్చం గ్రేసు చేసినట్టే, "ఆహా" అంది. తర్వాత, ముక్కు చెప్పకుంటే నాలుకను అడగమన్నారు కదా, గ్లాసు ఎత్తింది. నాలుక కొసకు తగిలించి చూసే ఓపిక పిల్లలకు ఎక్కడిది, గుటక వేసింది.

ఆ పిల్ల పెట్టిన కేక ఆ ఊళ్లో ఇంకా కొందరి చెవుల్లో ఉంది.

ఆటోలో హుజూర్‌నగర్, అక్కణ్నుంచి అంబులెన్సులో పెద్ద దవాఖాన. ఫినాయిల్ కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందని, గొంతు లోపల కాలిందని డాక్టర్లు గొట్టం వేశారు. ఊళ్లో అప్పటికే పంచాయితీ మొదలైంది. కుండ మూతి మూయవచ్చు గానీ ఊరి మూతి మూయలేం. ఎవరిచ్చారు, ఎట్లా ఇచ్చారు? గ్రేసును కూడా అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే ఊరే జవాబు చెప్పేసుకుంది.

"గ్రేసు చేతికొస్తే ఫినాయిలని తెల్వదా? ఆమె ముక్కు ఎసుంటిదో ఊరందరికి ఎర్కలేదా? గీ ముండనే ఇచ్చుంటది."

పరశురాం చుట్టాలు హనుమమ్మను వీధిలోకి లాగారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, పెదవి విప్పితే రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

"నేల తుడ్సేటందుకు కలిపి పెట్టిన గని పోరికి నేనియ్యలే. దేవుని తోడు! టీచరమ్మా, జర నువ్వన్న చెప్పు" అని గ్రేసు వైపు చూసింది.

గ్రేసు నేల చూపులు చూసింది. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడవలసిన అవసరమే రాలేదు. ఏళ్లపాటు ఆమె నిలబెట్టుకున్న మంచిపేరే ఆమె తరఫున అబద్ధమాడింది. హనుమమ్మను పనిలోంచి తీసేస్తున్నట్టు ఆ మర్నాడే కబురొచ్చింది.

గొట్టం తీశాక గ్రేసు దవాఖానకు పోయింది. పల్చటి జావ పట్టవచ్చన్నారని తెలిసి, సగ్గుబియ్యం కాచి స్టీలు గిన్నెలో పోసుకొని తీసుకుపోయింది. మంచం పక్కన నేల మీద కూర్చున్న తిరుమల ఆమెను చూడగానే లేచి చేతులు పట్టుకుంది.

"నువ్వేం తిన్నట్టు లేవు టీచర్. మొఖమంత గుంజుకపోయింది. నీ బిడ్డ లెక్క చూసుకుంటివి దీన్ని, నీకెంత దుఃఖముంటదో నాకెర్క లేదా" అంది.

ఆ మాట గ్రేసు గుండెలో గునపంలా దిగింది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే భరించేది.

రూప కళ్లు తెరిచింది. టీచర్‌ను చూసి, దగ్గరికి రమ్మన్నట్టు వేళ్లు కదిపింది. గ్రేసు వంగింది. ఆనాడు అన్నం మాడుతుంటే చెప్పినట్టే, పిల్ల ఆమె చెవికి నోరు ఆనించి చెప్పింది. గొంతు లేదు, గాలి మాత్రమే ఉంది.

"నా ముక్కు బందయింది టీచర్. చెప్తే మల్ల నీకు వాసన ఎవరు చెప్తరు?" కొంచెం ఊపిరి తీసుకొని, "నీకు వాసన రాదని నేనెవ్వరికి చెప్పలే" అంది.

పిల్లకు మొదటి నుంచీ తెలుసు. టీచర్ కళ్లు మూసుకొని "ఆహా" అనడం వట్టిదని, అయినా ఎవరికీ చెప్పకూడదని, ఆ నాలుగేళ్ల పిల్ల అంతా అర్థం చేసుకొని ఆమెను ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చింది. కాపాడవలసిన మనిషి ఎవరు, కాపాడింది ఎవరు!

"ఏమంటాంది టీచర్ పోరి?" అని తిరుమల ఆశగా అడిగింది. బిడ్డ గొట్టం తీశాక మాట్లాడిన మొదటి మాట అది.

నీళ్లడుగుతోందంటే సరిపోయేది. తిరుమల నమ్మేది. పిల్ల ఇంకెన్నాళ్లైనా నోరు విప్పేది కాదు. గ్రేసుకు పత్తిచేను గట్టు కళ్ల ముందు కదిలింది. హనుమమ్మ జుట్టు పట్టుకున్న చెయ్యి కదిలింది.

"నాకు వాసన రాదు తిరుమలా. కరోనా వచ్చినప్పటి సంది రాదు. నీ బిడ్డ ముక్కుతోని ఇన్నొద్దులు నడిపిచ్చుకున్న. గిలాస నేనే ఇచ్చిన, పాలనుకొని. హనుమక్క ఇయ్యలే."

తిరుమల పట్టుకున్న చేతులు వదిలింది. కాసేపు పిల్లనూ టీచర్‌నూ మార్చి మార్చి చూసింది. తర్వాత వంగి, గ్రేసు తెచ్చిన గిన్నె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు వాసన చూసింది. జావ బాగానే ఉంది. అయినా మూత పెట్టి, గిన్నెను గ్రేసు చేతికి తిరిగి ఇచ్చింది.

"తీస్కపో టీచర్" అంది.

గ్రేసు ఊరికొచ్చి అందరి ముందూ అదే మాట చెప్పింది. ఉద్యోగం పోయింది. ఎవరైనా తిట్టారా అంటే, తిట్టని వాళ్లను వెతకాలి. ఆమె చేతి గుడ్డును కడిగి ఉడకబెట్టిన వాళ్లు, మేం అప్పుడే అన్నామన్నారు. హనుమమ్మకు పని తిరిగి వచ్చింది గానీ, గ్రేసు ఎదురుపడితే ఆమె ఇప్పటికీ అవతలి పక్కకు జరిగి పోతుంది. ఆ సెంటర్ గోడకు గుడ్డసంచుల బదులు రంగురంగుల చార్టులు వచ్చాయి. మొట్టమొదటిది ఆపిల్ బొమ్మ. గ్రేసు పత్తి ఏరబోతుంది. తను తింటున్నది పులిసిందో మాడిందో ఆమెకు తెలియదు. చెన్నయ్య ముందు తిని చెబితే తర్వాత తను తింటుంది.

రూప బతికింది. ఇప్పుడు రెండో తరగతి. మాట బొంగురుగా, తెగీ తెగకుండా వస్తుంది. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. పోయిన సీతాఫలాల కాలంలో, బడి వదిలే వేళకు, గ్రేసు చేను నుంచి వస్తూ దారిలో ఎదురైంది. పిల్ల ఆగి, "టీచర్" అంది. ఆ ఊళ్లో ఆ పిలుపు ఇప్పటికీ పిలిచేది ఆ ఒక్కతే. గ్రేసు కొంగులో కట్టుకున్న పండు విప్పి అందించింది.

రూప పండును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది.

"మంచిగ మాగింది టీచర్" అంది.

"మరి తినరాదు బిడ్డా."

రూప పండు వైపు చూసింది, టీచర్ వైపు చూసింది, మెల్లగా బడిసంచి జిప్పు తీసి పండును లోపల పెట్టుకుంది.

"మా అమ్మ చూసినంక తింట" అంది.

గ్రేసు తలూపి, పిల్ల పోవడానికి దారి వదిలింది.